బస్సు గుర్తు

చింతలగుంటకు పొద్దున ఎనిమిదింటికి ఒక బస్సు వచ్చేది. దాని రంగు ఎప్పుడో వెలిసిపోయింది. కిటికీ అద్దాలు రెండు పగిలి ఏళ్లయింది. డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా లోపలున్న వాళ్లందరూ ఎవరికో దణ్ణం పెడుతున్నట్టు ముందుకు వంగేవారు. అయినా ఆ ఊరికి అదంటే ప్రాణం.

అందరికన్నా ఎక్కువ ప్రాణం ఆదెమ్మకు. ఆదెమ్మ పొగాకు కంపెనీలో ఆకు గ్రేడు చేసే మనిషి. ఆమె భర్త మాలకొండయ్యకు మూడేళ్లుగా కిడ్నీలు పనిచెయ్యడం లేదు. మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి టౌనులో పెద్దాసుపత్రికి తీసుకుపోయి డయాలసిస్ చేయించాలి. ఒక వాయిదా తప్పితే కాళ్లు వాస్తాయి. రెండు తప్పితే ఊపిరాడదు. మూడు తప్పితే ఏమవుతుందో డాక్టరు చెప్పలేదు, ఆదెమ్మ అడగలేదు. కండక్టరు మౌలాలి ఆ రెండు రోజులూ డ్రైవరు వెనక సీట్లో తువ్వాలు పరిచి ఉంచేవాడు. ఆ తువ్వాలు మీద మంత్రిగారి బావమరిది వచ్చినా కూర్చోనిచ్చేవాడు కాదు.

అలాంటి బస్సు మీద ఒకరోజు కాగితం అంటించారు. ఎనిమిది గంటల ట్రిప్పు పునఃపరిశీలనలో ఉన్నదని దాని సారాంశం. పునఃపరిశీలన అంటే తీసెయ్యడమని మౌలాలి విడమరిచి చెప్పాడు. ఆదెమ్మ అర్జీ రాయించుకుని డిపోకు వెళ్లింది. ఒకటి కాదు, నాలుగుసార్లు వెళ్లింది. నాలుగోసారి డిపో మేనేజరు ఆమెను కూర్చోబెట్టి, మంచినీళ్లిప్పించి, ప్రభుత్వ యంత్రాంగం ఎలా పనిచేస్తుందో ఓపిగ్గా వివరించాడు. ప్రజలు అర్జీ ఇస్తే స్వీకరిస్తారట. ప్రజాప్రతినిధి ఇస్తే పరిశీలిస్తారట. ఆదెమ్మ చదివింది ఐదో తరగతే అయినా స్వీకరించడానికీ పరిశీలించడానికీ ఎంత దూరమో ఆ నాలుగు తిరుగుళ్లలో ఆమె కాళ్లకు బాగా తెలిసింది.

సరిగ్గా అప్పుడే ఎంపీటీసీ ఎన్నికలొచ్చాయి. ఆదెమ్మ రెండు రోజులు ఆలోచించింది. ప్రతినిధి అడిగితేనే పరిశీలిస్తారు గనుక ప్రతినిధి అయితే పోతుందనుకుంది. మొగుడితో చెబితే ఆయన నవ్వబోయి, నవ్వితే ఆయాసం వస్తుందని ఆగిపోయాడు. ఆమె స్వతంత్ర అభ్యర్థిగా నామినేషన్ వేసేసింది.

పోటీలో ఇంకా ఇద్దరున్నారు. ఒకరు వెంగళరాయుడు, ఒకరు తిరుపాలయ్య. ఇద్దరివీ పెద్ద పార్టీలు. వాటి పేర్లూ గుర్తులూ మనకొద్దు. చెబితే ఈ కథ కూడా ఎన్నికల కోడ్ కిందికి వస్తుంది.

నామినేషన్ల ఉపసంహరణ గడువు సోమవారం మూడింటికి ముగిసింది. మూడున్నరకు గుర్తులు పంచారు. గుమాస్తా ఆదెమ్మ ముందు ఒక కాగితం పరిచాడు. అందులో గొడుగు ఉంది, కుట్టుమిషను ఉంది, రోలు ఉంది, బీరువా ఉంది. కింది వరసలో ఒక బస్సు ఉంది. ఆదెమ్మ తడుముకోకుండా బస్సు మీద వేలు పెట్టింది. రెండో ఇష్టం, మూడో ఇష్టం కూడా చెప్పాలన్నాడు గుమాస్తా. రెండోదీ బస్సే, మూడోదీ బస్సే రాసుకోమంది. ఊళ్లో ఎవరిని అడిగినా అదే చేసేవారు. కావలసిన దాని మీద వేలు పెట్టడం తప్పని వాళ్లకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఆమె ప్రచారానికి జెండా లేదు, మైకు లేదు. పొద్దున ఎనిమిదింటికి బస్సు రాగానే స్టాపులో నిలబడి దాన్ని చూపించి, నా గుర్తు ఇదేనని చెప్పేది. అంతే. చుట్టుపక్కల మూడు ఊళ్ల మీదుగా ఆ గుర్తు దానంతటదే హారన్ కొట్టుకుంటూ పోయేది. రెండు రోజులు తిరిగేసరికి వెంగళరాయుడికి నిద్ర పట్టలేదు. తిరుపాలయ్యకూ పట్టలేదు. పదకొండేళ్లుగా ఒకరింటి పెళ్లికి ఒకరు పోని ఆ ఇద్దరూ ఒకే కాగితం మీద పక్కపక్కన సంతకాలు పెట్టారు. ప్రభుత్వ వాహనం రోజుకు నాలుగు ట్రిప్పులు ఒక అభ్యర్థి గుర్తు ఆకారంలో గ్రామాల్లో సంచరిస్తున్నదనీ, ఇది నియమావళి ఉల్లంఘన అనీ ఆ కాగితం చెప్పింది.

ఫిర్యాదు పంచాక్షరం గారి చేతికి వచ్చింది. ఆయన అసలు ఉద్యోగం తూనికలు కొలతల శాఖలో. ఇరవై ఆరేళ్లుగా అంగళ్లలో కాటాలు తనిఖీ చేసి, అర కేజీ రాయి ఎన్ని గ్రాములు తక్కువుందో చేత్తో పట్టుకుని చెప్పగల నిజాయితీపరుడు. ఎన్నికల కోసం ఆయన్ని ప్రవర్తనా నియమావళి అమలు ప్రత్యేకాధికారిగా వేశారు. లంచం ముట్టడు, మాట జారడు, కొలవకుండా దేన్నీ నమ్మడు. లంచగొండినైతే ఎలాగో ఒకలా దారికి తెచ్చుకోవచ్చు. కొలతలు తీసే నిజాయితీపరుడు చేతికి చిక్కితే దేవుడే దిక్కు.

శుక్రవారం పొద్దున ఆయన టేపుతో సహా చింతలగుంట స్టాపుకు వచ్చాడు. ఒక చేతిలో గుర్తుల కాగితం, ఒక చేతిలో టేపు. బస్సు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. జనం దిగలేక, ఎక్కలేక నిలబడిపోయారు.

"గుర్తులో కిటికీలు నాలుగు. సదరు వాహనానికి ఈ పక్క కిటికీలు ఆరు. అంటే పోలిక లేనట్టే" అన్నాడు.

ఆదెమ్మ ఊపిరి పీల్చుకుంది.

"కానీ రెండిటికి అద్దాలు లేవు. అద్దం లేని కిటికీ నిబంధనల దృష్ట్యా రంధ్రం మాత్రమే. ఆరులోంచి రెండు పోగా నాలుగు. పోలిక సంపూర్ణం" అని ఆయన పుస్తకంలో రాసుకున్నాడు.

ఏళ్ల తరబడి అద్దాలు వెయ్యని డిపో పాపం ఆ విధంగా ఆదెమ్మ మెడకు చుట్టుకుంది. పంచాక్షరం గారు అక్కడికక్కడే ఉత్తర్వు ఇచ్చాడు. విగ్రహాలకు ముసుగులు వేస్తున్నారు, శంకుస్థాపన రాళ్లకు కాగితాలు అంటిస్తున్నారు, మరి బస్సుకు మినహాయింపు ఎందుకుండాలి? గంటలో ధాన్యం ఆరబోసే పట్టాలు నాలుగు తెప్పించి, కుట్టించి, బస్సుకు నిలువునా తొడిగారు. డ్రైవరు చూడటానికి ఒక కంత, జనం ఎక్కడానికి ఒక కంత వదిలారు.

లోపల పట్టపగలు చీకటి. ఏ ఊరొచ్చిందో కనపడక మౌలాలి కుదుపుల్ని బట్టి స్టాపుల పేర్లు చెప్పాడు. ఒక ముసలామె తన ఊరనుకుని ముందూళ్లో దిగిపోయి, అక్కడ ఎవరింట్లోనో అన్నం తిని సాయంత్రానికి ఇల్లు చేరింది. మాలకొండయ్య ఉక్కపోతకు అల్లాడిపోయాడు గాని మొత్తానికి ఆసుపత్రికి చేరాడు. చేరాడు కదా అని ఆదెమ్మ సంతోషించింది.

ఆ సంతోషం సోమవారం దాకానే. ముసుగు వేసుకున్న బస్సును చూడటానికి పక్క మండలం నుంచి కూడా జనం వస్తున్నారని వెంగళరాయుడు, తిరుపాలయ్య మళ్లీ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టారు. ముసుగు తీయించాలని కోరారు. ముసుగు లేకపోతే ప్రచారమనీ, ఉంటే మరీ ప్రచారమనీ రాశారు.

పంచాక్షరం గారు గుర్తుల కాగితాన్ని భూతద్దం పెట్టి చూశాడు. రాత్రంతా చూశాడని చెప్పుకుంటారు. చూడగా చూడగా ఆయనకు ఒక సత్యం తట్టింది. కాగితం మీద ఉన్నది బస్సు పక్కభాగం. కిటికీలు, తలుపు, రెండు చక్రాలు. ముందుభాగం ఎక్కడా లేదు. అంటే ముందు నుంచి చూసినప్పుడు బస్సు గుర్తు కాదు. పక్క నుంచి చూసినప్పుడు మాత్రమే అది గుర్తు.

మంగళవారం నుంచి కొత్త ఉత్తర్వు అమల్లోకి వచ్చింది. ఓటర్లకు వాహనం యొక్క ముఖభాగం మాత్రమే గోచరించవలెను. పార్శ్వభాగం గోచరించరాదు. బస్సు మలుపు తిప్పితే పక్కభాగం కనబడుతుంది గనుక ఊళ్లో తిప్పకూడదు. వచ్చిన దారినే మెయిన్ రోడ్డు దాకా మూడు కిలోమీటర్లు వెనక్కి పోవాలి. ప్రయాణికులు బస్సు ఎదురుగా వరసలో నిలబడాలి. తలుపు పక్కభాగంలో ఉండటం దురదృష్టకరమే గాని, దాన్ని సమీపించేటప్పుడు కళ్లు మూసుకుంటే సరిపోతుంది. కళ్లు మూసుకున్నదీ లేనిదీ చూడటానికి ఒక హోంగార్డును వేశారు.

ఆ రోజు చింతలగుంట జనం కళ్లు మూసుకుని, ఒకరి భుజం ఒకరు పట్టుకుని బస్సెక్కారు. ఆదెమ్మ ఒక చేత్తో మొగుణ్ని, ఒక చేత్తో ముందున్న మనిషిని పట్టుకుంది. డ్రైవరు మూడు కిలోమీటర్లూ వెనక్కి నడపడానికి గంటన్నర పట్టింది. రెండుసార్లు శనగ చేలోకి దిగాడు. టౌనుకు చేరేసరికి పదకొండున్నర. మాలకొండయ్య మిషను మీద అప్పటికే ఇంకొకరు పడుకుని ఉన్నారు. మళ్లీ శుక్రవారమే రమ్మన్నారు.

బుధవారానికి ఆయన కాళ్లు వాచాయి. వేలితో నొక్కితే పడిన గుంట మళ్లీ పూడటానికి చాలాసేపు పట్టింది. ఆదెమ్మ ఆ గుంట వంక చూస్తూ కూర్చుంది. తెల్లారి టమాటాలు మార్కెట్టుకు వేసుకుపోయే ఆటో కనబడితే, పెట్టెల మధ్య ఆయన్ని కూర్చోబెట్టి తీసుకుపోయి, ఆసుపత్రిలో కాళ్లావేళ్లా పడి మిషను ఎక్కించింది.

తర్వాత శుక్రవారం పంచాక్షరం గారు స్టాపులో టిక్కెట్లు తనిఖీ చేశాడు. టిక్కెట్టు కాగితం మీద పైన చిన్న బస్సు బొమ్మ ఉంది. అదీ పక్కభాగమే. మౌలాలి రోజుకు రెండు వందల మందికి గుర్తు ముద్రించిన కరపత్రాలు పంచుతున్నాడని తేలింది. టిక్కెట్లన్నీ స్వాధీనం చేసుకున్నారు. టిక్కెట్టు లేకుండా జనాన్ని ఎక్కించుకుంటే మౌలాలి ఉద్యోగం పోతుంది. అందుకని బస్సు ఆ రోజు మూడు ఊళ్లూ ఖాళీగా తిరిగింది, ముందుకు పోతూ, వెనక్కి వస్తూ. ముందు సీట్లో తువ్వాలు మాత్రం ఉంది.

మాలకొండయ్య జేబులో ఉచిత పాసు ఉంది. టిక్కెట్టు అక్కర్లేదు కదా అని ఆదెమ్మ దాన్ని చూపించింది. పంచాక్షరం గారు దాన్ని తిప్పి చూశాడు. దాని మీదా బస్సు బొమ్మ ఉంది, పైగా రంగుల్లో. అభ్యర్థి భర్త వద్ద లభించిన ప్రచార సామగ్రి, సంఖ్య ఒకటి, అని రసీదు రాసిచ్చి పాసు తీసుకున్నాడు.

"అది రోగిష్టి మనిషి పాసు సార్. మూడేళ్ల కింద ఇచ్చిందది. అప్పుడు నాకీ ఓట్ల ఊసే తెలవదు" అంది ఆదెమ్మ.

"ముందస్తు ప్రచారం మరింత తీవ్రమైనదమ్మా. అయినా ఆ సెక్షను మీమీద పెట్టడం లేదు" అన్నాడాయన. నిజంగానే ఉపకారం చేస్తున్నాననుకున్నాడు.

శనివారం తుది ఉత్తర్వు వచ్చింది. సదరు వాహనము ముసుగుతో ఉన్నను, లేకున్నను, ముందుకు పోయినను, వెనుకకు పోయినను, కేవలము ఉండుటయే ప్రచారముగా పరిణమించుచున్నందున, ఓట్ల లెక్కింపు ముగియువరకు దానిని నిలుపుదల చేయడమైనది.

ఆదెమ్మ ఆ మధ్యాహ్నమే పంచాక్షరం గారి ఆఫీసుకు వెళ్లింది. మెయిన్ రోడ్డు దాకా నడిచి, అక్కణ్నుంచి ఎవరి బండో పట్టుకుని పోయింది. ఆయన లేచి నిలబడి గౌరవ అభ్యర్థి గారికి కుర్చీ వేయించాడు.

"నేను తప్పుకుంటా సార్. నా పేరు కొట్టెయ్యండి. బస్సు పంపించండి" అంది.

ఉపసంహరణ గడువు కిందటి వారం సోమవారం మూడు గంటలతో ముగిసిందని ఆయన విచారం వెలిబుచ్చాడు. గుర్తు ఇచ్చింది మూడున్నరకు కదా, గుర్తు చూశాక తప్పుకోవడానికి వీల్లేకుండా ఎందుకు పెట్టారని ఆమె అడిగింది. గుర్తు నచ్చక అభ్యర్థులు తప్పుకోకుండా ప్రజాస్వామ్యాన్ని కాపాడేందుకేనని ఆయన వివరించాడు.

"పోనీ గుర్తు మార్చండి. గొడుగియ్యండి, రోలియ్యండి, ఏదో ఒకటి."

"బ్యాలెట్ పత్రాలు అచ్చయిపోయాయమ్మా."

ఆదెమ్మ "నేను చస్తేనో?" అని అడిగింది.

ఆయన ఆ ప్రశ్నను కూడా గౌరవంగానే తీసుకున్నాడు. చేతిపుస్తకం తెరిచి, పేజీ వెతికి, వేలు పెట్టి చదివాడు. "స్వతంత్ర అభ్యర్థి మరణించినచో ఎన్నిక యథాతథంగా జరుగును. కాబట్టి నిలుపుదల కూడా యథాతథమే. మీరట్లా తొందరపడి ప్రయోజనం లేదు."

ఆదెమ్మకు ఒళ్లు మండిపోయింది. అయితే ఆ మంట ఆయన మీద కాదు. ఆ కాగితం మీద వేలు పెట్టింది తానే. గొడుగు మీద పెట్టి ఉంటే వెంగళరాయుడికీ నిద్ర పట్టేది, మొగుడి కాళ్లూ బాగుండేవి. ఆ వేలును చూసుకుంటే దాన్ని నరుక్కోవాలనిపించింది. ఆమె లేవబోతుంటే పంచాక్షరం గారు అభ్యర్థుల హక్కుల చేతిపుస్తకం ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. ఇది మీరు తీసుకుని ఉండాల్సింది, తీసుకోలేదు, ఇది మీ హక్కు అన్నాడు.

తర్వాత రెండు వారాలు టమాటాలు ఎప్పుడు పండితే అప్పుడు మాలకొండయ్యకు డయాలసిస్. మంగళవారం ఆటో ఉంది. శుక్రవారం కోత లేదు, ఆటో లేదు. మళ్లీ మంగళవారం ఆటో వచ్చింది గాని దారిలో పంక్చరై మార్కెట్టుకే పోలేదు. రెండు వాయిదాలు వరసగా తప్పాయి. ఆయన గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోవడం మొదలుపెట్టాడు, పడుకుంటే ఊపిరాడక. ఆదెమ్మ పక్కన కూర్చుని, కూడబలుక్కుంటూ చేతిపుస్తకం చదివేది. చదువుతున్నానన్న సాకుతో మెలకువగా ఉండొచ్చని.

పగలు ప్రచారం చేసేది. ఆ జిల్లాలో అంతవరకూ ఎవరూ చెయ్యని ప్రచారం అది. ఇల్లిల్లూ తిరిగి చేతులు పట్టుకుంది.

"నాకు ఓటెయ్యబాకండి. నేను ఓడిపోతేనన్నా బస్సు మీద ఈళ్ల కళ్లు పోతయ్. మీకు పుణ్యముంటది."

జనం విన్నారు. ఇన్ని ఎన్నికల్లో ఓటెయ్యొద్దని అడిగిన మనిషిని వాళ్లు చూసి ఉండలేదు. అబద్ధం చెప్పే మనిషైతే ఈ మాట అనదని ఆడవాళ్లు అనుకున్నారు. పైగా బస్సు లేక టౌనులో పని పోగొట్టుకున్నవాళ్లున్నారు. కోసిన మల్లెపూలు మార్కెట్టుకు చేరక బుట్టల్లోనే వాడిపోయిన ఇళ్లున్నాయి. పంచాక్షరం గారిని ఏమీ చెయ్యలేరు, ఆయన నిలబడలేదు. వెంగళరాయుణ్నీ తిరుపాలయ్యనూ ఏదైనా చెయ్యొచ్చు, వాళ్లు నిలబడ్డారు.

పోలింగు శుక్రవారం. గురువారం సాయంత్రం ఊరంతా ఉలిక్కిపడింది. దూరం నుంచి హారన్ వినపడింది. అదే హారన్. అన్నం ముందు కూర్చున్నవాళ్లు చేతులు కడుక్కోకుండానే రోడ్డు మీదికొచ్చారు. అదే బస్సు, అదే డ్రైవరు, తలుపు దగ్గర మౌలాలి. లోపల పోలింగు సిబ్బంది, నలుగురు పోలీసులు, ముందు సీట్లో బ్యాలెట్ పెట్టె.

బస్సును ఆపేశారు కదా, ఇదెలా వచ్చిందని తిరుపాలయ్య మనుషులు అడ్డం నిలబడ్డారు. వెనక జీపులో వచ్చిన పంచాక్షరం గారు దిగి, ఇది బస్సు కాదని తెలియజేశాడు. ఇది ఎన్నికల సామగ్రి రవాణా వాహనం. ముందు అద్దానికి అంటించిన కాగితం మీద అలాగే రాసి ఉంది. పోలింగు కేంద్రానికి నూరు మీటర్ల అవతల, ఊరికి ముఖభాగం మాత్రమే కనబడేలా దాన్ని నిలిపించి, నేల మీద సున్నంతో గీత గీయించాడు.

ఆదెమ్మ ఆ గీత ఇవతల నిలబడి బస్సు వంక చాలాసేపు చూసింది. తర్వాత ఇంటికి పోయి చేతిపుస్తకం తెచ్చి, బడిలో చాపలు పరుచుకుంటున్న ప్రిసైడింగ్ అధికారి దగ్గరికి వెళ్లింది. ఆయన పక్క మండలంలో లెక్కల మాస్టారు.

"ఈడ రాసుంది సార్. పెట్టెకు సీలేసినాక అభ్యర్థి ఏజెంటు పెట్టె ఎంబడి పోవచ్చంట, స్ట్రాంగు రూము దాకా. నిజమేనా?"

మాస్టారు చదివి నిజమేనన్నాడు. ఎవరి బండిలో పోవాలో మాత్రం అందులో లేదన్నాడు. స్ట్రాంగు రూము ఎక్కడని ఆమె అడిగింది. టౌను కాలేజీలో, పెద్దాసుపత్రి గోడ పక్కనే అన్నాడు.

"నా ఏజెంటు మాలకొండయ్య సార్. నడవలేడు. పెట్టె పక్కన కూసుంటాడు."

మాస్టారు ఆమె మొహం చూశాడు. లెక్కల మాస్టారు గనుక దేనికి దేన్ని కలుపుతున్నదో ఆయనకు అర్థమైంది. ఏజెంటు పత్రం మీద సంతకం పెట్టాడు.

పోలింగు పొద్దున ఏడింటికి మొదలై మధ్యాహ్నం రెండింటికి ముగిసింది. ఓటు వెయ్యడానికి వెళ్లినవాళ్లు బ్యాలెట్ కాగితం విప్పి చూసుకుంటే అందులో బస్సు ఉంది. పక్కభాగం, నాలుగు కిటికీలు, తలుపు. దాదాపు రెండు వారాలుగా ఆ తలుపు చూడని జనం. ఓటెయ్యబాకండి అన్న ఆదెమ్మ మాట అందరికీ గుర్తుంది. అయినా చెయ్యి ఆగలేదు. ఒక ముసలాయన ముద్ర వేసి బయటికొచ్చి, ఇప్పుడు ఎక్కొచ్చా అని పోలీసును అడిగాడు.

మూడింటికి సున్నపు గీత దాటి మాలకొండయ్య బస్సెక్కాడు. కళ్లు తెరుచుకునే ఎక్కాడు. పెట్టె పక్క సీట్లో తువ్వాలు పరిచి ఉంది. తుపాకులు పట్టుకున్న పోలీసులిద్దరు ఆయనకు ముందొకరు, వెనకొకరు కూర్చున్నారు. ఆసుపత్రికి అంత భద్రంగా వెళ్లిన రోగి ఆ జిల్లాలో ఇంకొకడు ఉండడు. నాలుగున్నరకు పెట్టె స్ట్రాంగు రూములోకి, ఆయన మిషను మీదికి చేరారు. ఆ మాట ఫోనులో విన్నప్పుడు ఆదెమ్మ బడి మెట్ల మీద కూలబడి గట్టిగా ఏడ్చేసింది.

ఆదివారం లెక్కించారు. ఆదెమ్మ ఆరువందల పదకొండు ఓట్ల ఆధిక్యంతో గెలిచింది. వెంగళరాయుడికీ తిరుపాలయ్యకూ కలిపి కూడా అన్ని రాలేదు. కోడ్ ఎత్తేశారు. ఇకనేం, రేపటి నుంచి బస్సు వస్తుందని ఊరంతా అనుకుంది.

సోమవారం ఎనిమిదింటికి స్టాపులో నలభై మంది నిలబడ్డారు. తొమ్మిదయింది. పదయింది. పదకొండింటికి ఆదెమ్మ డిపోకు బయల్దేరింది. ఈసారి అర్జీతో కాదు, గెలుపు ధ్రువపత్రంతో.

డిపో మేనేజరు పూలగుచ్ఛం ఇచ్చి అభినందించాడు. తర్వాత ఒక ఫైలు తెరిచాడు. చింతలగుంట రూటు పునఃపరిశీలన పూర్తయింది. గత పదిహేడు రోజుల్లో ఆ రూటులో ఒక్క టిక్కెట్టూ తెగలేదు. బస్సు తిరిగిన శుక్రవారం కూడా ఖాళీగానే తిరిగింది. ప్రజాదరణ శూన్యం. రూటు రద్దు.

"బస్సే రాకపోతే ఎక్కేదెట్టా సార్?"

"రాకపోవడం ఎన్నికల విభాగం. ఎక్కకపోవడం మా విభాగం" అన్నాడాయన.

ప్రజాప్రతినిధి అడిగితే పరిశీలిస్తామన్నారు కదా, ఇప్పుడు నేనే ప్రతినిధిని, అడుగుతున్నానని ఆదెమ్మ అంది. మేనేజరు నిజంగానే ఇబ్బంది పడ్డాడు. వేరే ఏ సభ్యుడు అడిగినా పరిశీలించేవాడినన్నాడు. బస్సు గుర్తు మీద గెలిచిన సభ్యురాలే బస్సు అడిగితే అది స్వప్రయోజనం కిందికి వస్తుందట. రోడ్లు అడగండి, వీధి దీపాలు అడగండి, కాదనేదే లేదన్నాడు.

మండల పరిషత్తు మొదటి సమావేశం మంగళవారం పెట్టారు. ఆదెమ్మ మొగుడితో కలిసి టమాటా ఆటోలో వచ్చింది. ఆ ఆటో టౌనుకు పోయేది మధ్యాహ్నమే గనుక అందాకా ఆయన ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. కిటికీలోంచి ఆయన కాళ్లు కనబడుతున్నాయి, చెప్పులు పట్టక వట్టి కాళ్లు.

వేదిక మీద అన్ని శాఖల అధికారులూ ఉన్నారు. తూనికలు కొలతల తరఫున పంచాక్షరం గారు ఉన్నాడు. ఎన్నికల నిర్వహణలో అనుభవజ్ఞుడని తీర్మానాలు రాసే పని కూడా ఆయనకే అప్పగించారు. రోడ్లయ్యాయి, దీపాలయ్యాయి. చింతలగుంట సభ్యురాలి వంతు వచ్చింది. ఆదెమ్మ లేచి నిలబడింది.

"మా ఊళ్లో వారానికి రెండుసార్లు ఎలక్షన్లు పెట్టాల. మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి."

ఎవరూ నవ్వలేదు. అధికారిక సమావేశంలో నవ్వకూడదు. పంచాక్షరం గారు కలం ఎత్తి, ఏ పదవికని అడిగాడు.

"ఏ పదవైనా సరే సార్. ఎవురు గెలిచినా మాకు పట్టింపు లేదు. ఓటెయ్యమంటే ఊరంతా వచ్చి ఏస్తాం. మీరు పెట్టె పంపిస్తే చాలు, దాన్ని తెచ్చేదానికి బండొస్తది. పెట్టె ఎంబడి మా ఏజెంటు పోతాడు."

పంచాక్షరం గారు మాట మాటా రాసుకున్నాడు. నియమావళిలో ఎన్నిక ఇన్నిసార్లే జరగాలని గరిష్ఠ పరిమితి ఎక్కడా లేదని ఆయనకు గుర్తొచ్చింది. తీర్మానం పరిశీలనార్హం అని కింద గీత గీశాడు. తర్వాత తలెత్తి, అభ్యర్థులకు ఏ గుర్తులు కేటాయించాలో సభ్యురాలి అభిప్రాయం ఏమిటని అడిగాడు.

ఆదెమ్మ కిటికీలోంచి ఆ వాచిన కాళ్ల వంక ఒకసారి చూసింది.

"గొడుగియ్యండి, రోలియ్యండి, మీ ఇష్టం. బస్సు మాత్రం ఎవురికీ ఇయ్యబాకండి సార్. దానికి వేరే పనుంది."